ఇంగ్లీషులో కథలు రాస్తున్న అమ్మాయికి

విశాఖపట్నం

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కథ, దానితోపాటు పంపిన ప్రశ్నలు అందాయి. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున సాగే వేలంపాట, ఐసు పెట్టెల మధ్య నిలబడి కొడుకు బోటు కోసం చూసే ఆ ముసలావిడ, ఇవన్నీ దగ్గరుండి చూసి రాశావని తెలుస్తూనే ఉంది. కథ గురించి నీకు బెంగ లేదు. బెంగంతా గ్రామర్ మీదే. "మేష్టారూ, తెలుగు మీడియంలో చదివినదాన్ని, ఇంగ్లీషులో కథ రాయొచ్చా?" అని అడిగావు. రాయొచ్చు. ఆ మాట ఇక్కడితో వదిలేసి పనిలోకి వద్దాం.

నువ్వు అడిగిన వాటిలో చాలావాటికి అసలు టెన్షన్ పడక్కర్లేదు. నిజంగా పట్టించుకోవాల్సినవి నువ్వు అడగలేదు, అవి నాకు కథలో కనిపించాయి.

ముందు టెన్షన్ అక్కర్లేనివి. వాక్యం చివర ప్రిపొజిషన్ ("ఫర్", "టు", "ఇన్" లాంటి మాట) రాకూడదని మీ ట్యూషన్ మాస్టారు చెప్పారన్నావు. 1672లో డ్రైడెన్ అనే కవి, తనకు ముందు తరం వాడైన బెన్ జాన్సన్ రాతల్లో తప్పులు ఎంచుతూ ఈ అభ్యంతరం పెట్టాడు. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో అన్నదల్లా, గంభీరమైన రచనలో ప్రిపొజిషన్‌ని ముందు పెడితే బాగుంటుందని. మామూలు మాటల్లో అది చివర రావడం ఇంగ్లీషుకు అలవాటేనని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ సలహాని తర్వాత వచ్చిన బడి పుస్తకాలు నిషేధంగా మార్చేశాయి. నీ కథలో కుర్రాడు మొదట "హూ ఆర్ యూ వెయిటింగ్ ఫర్?" అని అడిగాడు. దాన్ని కొట్టేసి "ఫర్ హూమ్ ఆర్ యూ వెయిటింగ్?" అని దిద్దావు. హార్బర్‌లో ఏ కుర్రాడూ అలా అడగడు. మొదటిదే ఉంచు.

"టు స్లోలీ ఓపెన్" అని "టు"కీ క్రియకీ మధ్యలో మాట దూర్చకూడదన్నదీ అలాంటిదే. 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ అనే మతాచార్యుడు అభ్యంతరం చెప్పాడు, 1926లో నిఘంటుకారుడు ఫౌలర్ ఆ భయం వల్ల వాక్యాలు ఎలా వికారంగా తయారవుతాయో చూపించాడు. చదివితే సాఫీగా ఉందా లేదా, అంతే చూసుకో.

ఈ గొడవ తెలుగువాళ్ళకి కొత్త కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. కావ్యభాషకు అది గొప్ప వ్యాకరణం. చిక్కల్లా, ఆ సూత్రాలతోనే బడిపిల్లల వచనాన్ని కూడా కొలవాలన్నవాళ్ళతో వచ్చింది. గిడుగు రామమూర్తి వాళ్ళతో ఏళ్ళ తరబడి వాదించారు. ఆయన పక్కన గురజాడ ఉన్నారు, మన ఊరి ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారూ ఉన్నారు. జనం నోట ఉన్న భాషకు విలువ ఇవ్వాలని ఈ ఊళ్ళోనే అంత పట్టుబట్టారు కదా, ఇంగ్లీషు విషయంలో మాత్రం మనం ఎందుకు వెనక్కి తగ్గాలి?

"సమ్‌వన్ లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా" తప్పు కాదా అన్నావు. కాదు. ఆడో మగో తెలియని ఒక్క మనిషిని "దే" అనడం పద్నాలుగో శతాబ్దం నుంచీ ఉంది. "ఎవరో ఫోన్ చేశారు, వాళ్ళ పేరు చెప్పలేదు" అని మనమూ అంటాం. చేసింది ఒక్కరే అయినా "వాళ్ళ" అనే వస్తుంది. అయితే పరీక్ష పేపర్లో మాత్రం మాస్టారు చెప్పినట్టే రాయి. అక్కడ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి.

ఇక అసలు సంగతి. నీ మొదటి వాక్యం "ఓల్డ్ వుమన్ కేమ్ టు జెట్టీ". రెండు చోట్ల ఆర్టికల్ ("ఎ", "యాన్", "ద") పోయింది. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనకు పట్టుబడవని అంటుంటారు. నేను ఒప్పుకోను. "అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు." మొదటిసారి "ఒక", రెండోసారి "ఆ". ఈ పద్ధతి మన చెవుల్లో ఎప్పటినుంచో ఉంది. కాకపోతే తెలుగులో వాటిని వదిలేసినా వాక్యం నిలబడుతుంది, ఇంగ్లీషులో నిలబడదు. అందుకని ప్రతి నామవాచకం దగ్గరా ఆగి, ఇది ఏదో చదివేవాళ్ళకి ఈపాటికి తెలుసా అని అడుగు. తెలిస్తే "ద". తెలియకపోతే, అది లెక్కపెట్టగలిగే ఒక్క వస్తువైతే "ఎ". లెక్కకు రానిదైనా, బహువచనమైనా ఏదీ వద్దు: "ఐస్", "నెట్స్".

కథ రాసేవాళ్ళకి ఇందులో మంచి సదుపాయం ఉంది. "యాన్ ఓల్డ్ వుమన్" అని మొదలుపెడితే చదివేవాళ్ళు ఆమెని దూరం నుంచి చూస్తారు. మొదటి వాక్యంలోనే "ద ఓల్డ్ వుమన్" అంటే ఆమె ముందే తెలిసినట్టు, తామూ ఆ జెట్టీ మీదే ఉన్నట్టు అనిపిస్తుంది. నీ కథకు ఈ రెండోదే నప్పుతుందని నా నమ్మకం. అప్పుడు కుర్రాడు మాత్రం "ఎ బాయ్" గానే రావాలి. ఆమెకి అతను కొత్తవాడు కదా.

"ఎ"నా "యాన్"నా అన్నది అక్షరాన్ని బట్టి కాదు, పలికే తీరుని బట్టి. "యాన్ ఆంధ్రా యూనివర్సిటీ స్టూడెంట్" అంటాం, ఆంధ్రా తీసేస్తే "ఎ యూనివర్సిటీ స్టూడెంట్" అవుతుంది. "యాన్ అవర్", "యాన్ ఎమ్మెల్యే". పేర్ల విషయానికొస్తే "ద బే ఆఫ్ బెంగాల్", "ద ఈస్టర్న్ ఘాట్స్" సరే, కైలాసగిరికీ సింహాచలానికీ భీమిలికీ "ద" అక్కర్లేదు. "ద బీచ్" అను, "ఆర్కే బీచ్" అన్నప్పుడు "ద" వదిలెయ్.

తర్వాత కాలాలు. "షి ఈజ్ సెల్లింగ్ ఫిష్ సిన్స్ ట్వెంటీ ఇయర్స్" అని రాశావు. "ఇరవై ఏళ్ళ నుంచి చేపలు అమ్ముతోంది" అన్న తెలుగు వాక్యం దాని కింద అచ్చంగా కనిపిస్తోంది. మన "నుంచి" రెండు పనులూ చేస్తుంది. ఇంగ్లీషులో మొదలైన సమయం చెబితే "సిన్స్", సాగిన కాలం చెబితే "ఫర్". క్రియ కూడా మారాలి. నీ కథ జరిగిపోయిన కాలంలో నడుస్తోంది కాబట్టి "షి హాడ్ బీన్ సెల్లింగ్ ఫిష్ ఫర్ ట్వెంటీ ఇయర్స్".

హుద్‌హుద్ తుఫాను పేరాని మరీ జాగ్రత్తగా చూడు. "ద సైక్లోన్ హాజ్ కమ్ ఇన్ 2014" కుదరదు. ముగిసిపోయిన ఏడాది పేరు చెప్పాక "హాజ్" రాదు, "కేమ్" అనాలి. దాని తర్వాత "వెన్ హుద్‌హుద్ స్ట్రక్, హర్ సన్ టైడ్ అప్ ద బోట్" అన్నావు. అంటే తుఫాను వచ్చిపడ్డాక కొడుకు బోటు కట్టడానికి వెళ్ళాడనే చదువుతారు. నువ్వు చెప్పదలుచుకున్నది, తుఫాను వచ్చేసరికే కట్టేసి ఉంచాడని. దానికి "హాడ్ టైడ్ అప్" కావాలి. తల్లి ఇన్నేళ్ళుగా కొడుకుని తప్పుబట్టిందే ఆ విషయంలో కదా. ఒక్క "హాడ్" లేకపోతే ఆమె కోపం న్యాయమైనదే అయిపోతుంది, నీ కథ తలకిందులవుతుంది. ఇలాంటి చోట్ల గ్రామర్ మీద ఎంత సేపు కూర్చున్నా దండగ కాదు. పాత సంగతి పొడుగ్గా చెబుతున్నప్పుడు మొదటి ఒకటి రెండు క్రియలకి "హాడ్" చాలు. కాలం వెనక్కి వెళ్ళిందని పాఠకులకు అర్థమైపోతుంది, తర్వాత మామూలు పాస్ట్‌లో సాగిపో.

ఇంకో వాక్యం: "వాకింగ్ ఆన్ బీచ్ రోడ్, ద సబ్‌మెరైన్ లుక్డ్ స్మాల్ టు హిమ్." ఇక్కడ నడుస్తున్నది సబ్‌మెరైన్ అయిపోయింది. "నడుస్తుంటే కనిపించింది" అని తెలుగులో అనొచ్చు, నడిచేది ఒకరు, కనిపించేది మరొకటి అయినా ఇబ్బంది లేదు. కానీ "నడుస్తూ కనిపించింది" అంటే రెండూ ఒకరి పనే. ఇంగ్లీషు "వాకింగ్" ఈ "నడుస్తూ" లాంటిది. "యాజ్ హి వాక్డ్" అని మార్చు, సరిపోతుంది.

చిన్నాచితకా: "డిస్కస్" తర్వాత "అబౌట్" వద్దు. "రిటర్న్" అంటే చాలు, "బ్యాక్" అనవసరం. "ఫర్నిచర్స్", "అడ్వైసెస్" లేవు. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" కాదు, "ఐ హావ్". భోజనం చేస్తున్నప్పుడు మాత్రం "హావింగ్ లంచ్" సరైనదే. ఇలాంటివి గుర్తుపెట్టుకోవడం కన్నా మంచి లెర్నర్స్ డిక్షనరీ ఒకటి దగ్గర పెట్టుకో. ఏ మాట లెక్కకు వస్తుందో, దేని తర్వాత ఏ ప్రిపొజిషన్ వస్తుందో అందులో ఉదాహరణలతో ఉంటుంది.

ఇవన్నీ కథ చెప్పేవాళ్ళ గొంతుకి. పాత్రల నోటిని మాత్రం దిద్దకు. ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా "హి ఈజ్ లైక్ దట్ ఓన్లీ" అన్నాడు, అనే తీరాలి. "మీటింగ్ ప్రీపోన్ చేశారు" అన్న మాటనీ తియ్యకు. "ప్రీపోన్" ఈ దేశంలో బతుకుతున్న మాట, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ చేరింది. నువ్వు వాళ్ళందరి చేతా లండన్ ఇంగ్లీషు మాట్లాడించడం మొదలుపెట్టావు, మూడో పేజీ నుంచి హార్బర్ వాసన పోయింది. మొదటి డ్రాఫ్టులోని సంభాషణలు తిరిగి పెట్టెయ్.

"కలర్" స్పెల్లింగులో "యూ" ఉండాలా వద్దా అన్నావు. బ్రిటిష్ పద్ధతిలో ఉంటుంది, అమెరికన్‌లో ఉండదు. ఏ పత్రికకి పంపుతున్నావో దాని పాత సంచిక ఒకటి చూసి, అదే పద్ధతి కథంతా పాటించు. తిరగరాశాక హుద్‌హుద్ పేరా ఒక్కటి ముందు నాకు పంపు, మిగతాది తీరిగ్గా చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మేష్టారు