తరగతి కోసం యూట్యూబ్ వీడియోలు దింపుకోవచ్చా?

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో నెట్ నిలకడగా ఉండదు. భౌతికశాస్త్రం వీడియోలు ఇంట్లోనే దింపుకుని తరగతిలో చూపిద్దామని వైటీ-డీఎల్‌పీ అనే వీడియోలు దింపే ప్రోగ్రాము వేసుకున్నాను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాబట్టి తప్పేమీ లేదని మా సహోద్యోగి అంటున్నారు. నిజమేనా? పైగా 360పీకి మించి రావడం లేదు.
– ఓ ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు 360పీ సంగతి. అంతకు మించిన నాణ్యతలో యూట్యూబ్ బొమ్మను, శబ్దాన్ని వేర్వేరు ఫైళ్లుగా పంపుతుంది. వాటిని కలపడం ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మరో ప్రోగ్రాము పని. అది లేకపోతే రెండూ కలిసే ఉన్న ఫైలుతో వైటీ-డీఎల్‌పీ సరిపెట్టుకుంటుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వేసుకున్నాక వైటీ-డీఎల్‌పీ కమాండు పక్కన హైఫన్, పెద్దబడి ఎఫ్, ఆ పక్కన వీడియో లింకు ఇవ్వండి. ఉన్న ఫైళ్ల జాబితా వస్తుంది. అందులోనూ పెద్ద సైజులు కనిపించకపోయినా, 403 ఎర్రర్ (సర్వర్ నిరాకరించిందని అర్థం) వచ్చినా చాలాసార్లు కారణం పాత వెర్షనే. లినక్స్ ప్యాకేజీగా వేసుకున్నది హైఫన్, పెద్దబడి యూ ఇచ్చినా అప్‌డేట్ కాదు. ప్రోగ్రాముల కోడ్ ఉంచే గిట్‌హబ్ సైటులో వైటీ-డీఎల్‌పీ విడుదలల పేజీ నుంచి తెచ్చుకోండి. ప్రొజెక్టరుకు 720పీ చాలు.

ఇక న్యాయాన్యాయాలు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీకిచ్చే హక్కులు ప్రోగ్రాము మీద: నడపడం, చదవడం, మార్చడం, పంచడం. వీడియో మీద అది ఏ హక్కూ ఇవ్వదు. వైటీ-డీఎల్‌పీకి మూలమైన యూట్యూబ్-డీఎల్‌ను అమెరికా సంగీత కంపెనీల సంఘం ఫిర్యాదుతో 2020 అక్టోబరులో గిట్‌హబ్ తొలగించి, నవంబరులో తిరిగి పెట్టింది. పనిముట్టు ఉండవచ్చని తేలింది, అంతే. దానితో ఏం దింపుతున్నారన్నది మీ బాధ్యత.

మీ విషయంలో చట్టం కొంత అనుకూలమే. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ బోధనలో భాగంగా ఉపాధ్యాయులు ప్రతి తీసుకోవడాన్ని మినహాయించింది. సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రుల వరకే పరిమితమైన ప్రదర్శననూ మినహాయించింది. అదే ఫైలును వాట్సాప్ గ్రూపుల్లో పంచినా, మీ చానల్లో పెట్టినా ఈ రక్షణ వర్తిస్తుందని అనుకోకండి. అనుమతి లేకుండా దింపుకోవద్దన్న యూట్యూబ్ షరతులు దీనికి వేరుగా ఉన్నాయి. అందుకే యూట్యూబ్‌లో వెతికేటప్పుడు ఫిల్టర్లలో క్రియేటివ్ కామన్స్ (ఇతరులు వాడుకోవచ్చని చేసినవారే ముందుగా అనుమతించే లైసెన్సు) ఎంచుకోండి. లేదా వీడియో చేసినవారికి రెండు ముక్కలు రాసి అడగండి. పాఠం కోసమంటే సంతోషంగా ఒప్పుకునేవారు చాలామంది.

మీ సహోద్యోగి గమనించని చిక్కు మరొకటి ఉంది. వీడియో చిరునామా తేల్చడానికి యూట్యూబ్ తన జావాస్క్రిప్ట్‌తో (వెబ్ పేజీల్లో నడిచే కోడ్) ఓ లెక్క చేయిస్తుంది. మొదట్లో వైటీ-డీఎల్‌పీ దాన్ని తనలోని చిన్న ఇంటర్‌ప్రెటర్‌తో (కోడ్‌ను చదివి నడిపే భాగం) విప్పేది. 2025 నవంబరు నుంచి యూట్యూబ్ వీడియోలకు అది పూర్తిగా పనిచేయాలంటే డీనో వంటి రన్‌టైమ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే ప్రోగ్రాము) విడిగా కావాలి. డీనో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, కానీ అందులో నడిచేది మాత్రం యూట్యూబ్ సొంత కోడ్. మనకు చదివి మార్చుకునే హక్కులేని ఇలాంటి కోడ్ బ్రౌజర్లో చాటుగా నడవడం గురించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ 2009లో హెచ్చరించారు. ఫైళ్లు, నెట్ ముట్టకుండా డీనోలో దాన్ని కట్టడి చేస్తారు కాబట్టి బ్రౌజర్లో నడపడం కన్నా ఇది మేలే. అయినా ఇది రాజీయే, దాచిపెట్టాల్సిన పని లేదు. వీడియో దింపిపెట్టే వెబ్‌సైట్లు ఇంకా అధ్వానం: అక్కడ ప్రోగ్రామే మీ చేతిలో ఉండదు. రాజీ వద్దనుకుంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ గ్రంథాలయంలో, పీర్‌ట్యూబ్ అనే స్వేచ్ఛా వీడియో సాఫ్ట్‌వేర్‌తో నడిచే సర్వర్లలో వెతకండి. పీర్‌ట్యూబ్‌లో వీడియో పెట్టినవారు ఆపకపోతే డౌన్‌లోడ్ బటన్ అక్కడే ఉంటుంది.