ముప్పై ఒకటో పేజీ గురించి

చిరంజీవికి,

ఇంగ్లీషు స్పెల్లింగు మార్చాలంటూ నువ్వు రాసిన పుస్తకం కట్ట అందింది. నరసన్నపేట నుంచి విజయనగరం రావడానికి దానికి తొమ్మిది రోజులు, నాకు చదవడానికి రెండు రాత్రులు పట్టింది. కష్టపడ్డావు, సరే.

ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయాను. మీ చెల్లి నైఫ్‌కి ముందు కె పెట్టలేదని మాస్టారు కొట్టారు. ఇంటికొచ్చి నిన్నడిగింది: 'ఉచ్చరించని అక్షరం కోసం నన్నెందుకు దండించారు?' ఏడో తరగతి పిల్ల అలా అందా? ఇంగ్లీషుని నోటితో పలికినట్టు రాయాలని నూట పది పేజీలు రాసినవాడివి, సొంత చెల్లి మాట ఒక్కటి పలికినట్టు రాయలేకపోయావు!

పైగా తెలుగు పలికినట్టే రాస్తామని మొదటి పేజీలోనే గొప్ప. చాప, చక్రం పైకి అని చూడు. ఒకటే చ నా? 'వచ్చాడు'లో నీకు 'ఆ' వినిపిస్తోందా? బ్యాంకులో వినిపించే అచ్చే అక్కడా ఉంది. దానికి మనకి అక్షరమే లేదు.

నువ్వు కార్ చివర ఆర్ ఉంచావు. ఎవరి నోరు విని? అమెరికాలో చాలామంది పలుకుతారు, లండన్ వైపు మింగేస్తారు. ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే స్పెల్లింగు. నీ పద్ధతి వస్తే ఒకడి నోరు ఒప్పవుతుంది, రెండోవాడిది తప్పవుతుంది. తెలుగులో ఆ తప్పయిన నోరు మాది. నా మొదటి కథలో మా మామ్మ 'ఆడు ఒచ్చీసేడు' అంది. పట్నంలో ఒక సంపాదకుడు దాన్ని 'వాడు వచ్చేశాడు' చేసి, 'భాష సరిచేశాం' అని కార్డు కూడా రాశాడు. కథ చదివి వినిపిస్తే మామ్మ 'నానిలగ అన్నేదురా' అంది. ఆ పత్రిక మూతపడి చాలాకాలమైంది. నాకు కోపం మాత్రం తగ్గలేదు.

పలకని అక్షరాలన్నీ దండగ కూడా కాదు. సైన్‌లో నోరు మూసుకున్న జి, సిగ్నేచర్‌లో పలుకుతుంది. అది చుట్టరికం. డెట్‌లో బి అంటావా, లాటిన్ వాసన కోసం పండితులు దూర్చింది. దాన్ని కోసేయ్, నాకేం బాధ లేదు.

1906లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మూడొందల మాటల స్పెల్లింగు మార్చబోయి ఆ ఏడాదే వెనక్కి తగ్గడం, నాటకాల బెర్నార్డ్ షా వీలునామా డబ్బుతో ఇంగ్లీషుకి పుట్టిన కొత్త లిపిలో 1962లో ఆయన నాటకం అచ్చవడం, ఇవన్నీ పన్నెండు పేజీలు రాశావు. శ్రీకాకుళం వాడివయ్యుండి గిడుగు వారి పేరు ఒక్కసారీ ఎత్తలేదు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, కొండల్లోని సవర గిరిజనుల దగ్గరే వాళ్ల భాష నేర్చుకున్న మనిషి. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయ్యేసరికి అరవై ఏడేళ్లు దాటాయి. అన్నేళ్లు విన్నాడాయన. నువ్వు మీ చెల్లిని ఒక్క సాయంత్రం విన్నావా?

పబ్లిషరు సంగతి, ముందుమాట సంగతి ఇప్పుడు కాదు. ఇంటికెళ్లి ఆ పిల్లని మళ్లీ అడుగు. ఏమందో అలాగే రాసి ఆ ఒక్క పేజీ పంపు. కట్టంతా వద్దు, పోస్టు ఖర్చు దండగ.