తుప్పు పట్టదన్న స్టీలుకు మచ్చలెందుకు?

ప్రశ్న: 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు షీటుతో బోరు నీళ్ల ట్యాంకు చేసి ఇచ్చాం. కొన్ని నెలలకే వెల్డింగ్ వెంట గోధుమరంగు మచ్చలు వచ్చాయి. కొన్నప్పుడు అయస్కాంతం అంటుకోలేదు. అయినా నకిలీ సరుకేనా? – ఒక ఫ్యాబ్రికేటర్, జీడిమెట్ల

జవాబు: అయస్కాంతాన్ని నమ్ముకోకండి. నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ ఉండే 200 సిరీస్ షీటుకూ అది అంటుకోదు. ముక్క కోసి ల్యాబులో స్పెక్ట్రో టెస్టు (ఏ లోహం ఎంత శాతం ఉందో చెప్పే పరీక్ష) చేయించండి. 304లో క్రోమియం సుమారు 18, నికెల్ కనీసం 8 శాతం ఉండాలి.

అయితే మచ్చలు వెల్డింగ్ వెంటే ఉన్నాయంటున్నారు కాబట్టి మా అనుమానం పనితనం మీదే. స్టీలును కాపాడేది పైనున్న పల్చని క్రోమియం ఆక్సైడ్ పొర. వెల్డింగ్ వేడికి నీలం, గోధుమ రంగులు తేలిన చోట ఆ పొర కింద క్రోమియం తగ్గిపోతుంది. నీళ్లలోని క్లోరైడ్ (ఉప్పులో ఉండేదే) ముందు అక్కడే గుంట తవ్వుతుంది. మామూలు ఇనుము మీద వాడిన గ్రైండింగ్ వీల్‌నే స్టీలుకూ వాడితే ఇనుప రజను అతుక్కుని అదీ తుప్పు పడుతుంది. గ్రైండింగ్ వీల్స్, బ్రష్షులు స్టీలుకు విడిగా పెట్టుకోండి.

ఇప్పుడు చేయాల్సింది: ఆ రంగు పూర్తిగా పోయేదాకా పిక్లింగ్ పేస్టు (వెల్డింగ్ రంగును తీసేసే యాసిడ్ ముద్ద) రాసి, డబ్బా మీద చెప్పిన సమయానికి కడగండి. ఆ పేస్టులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. చర్మంలోకి దిగుతుంది, నొప్పి ఆలస్యంగా తెలియవచ్చు. గ్లౌజులు, ముఖానికి షీల్డు, చేతికందేలా కాల్షియం గ్లూకోనేట్ జెల్ (ఈ యాసిడ్ కాలిన చోట రాసే మందు) లేకుండా డబ్బా మూత తీయవద్దు. ట్యాంకు లోపల రాస్తుంటే గాలి ఆడేలా బ్లోయర్ పెట్టండి. బాత్‌రూమ్ యాసిడ్‌తో మాత్రం తోమకండి, అది హైడ్రోక్లోరిక్. క్లోరైడ్‌ను మీరే పూసినట్టవుతుంది.

గుంట లోతుగా ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, ఆ ముక్క కోసి కొత్తది వేయాలి. ఇకముందు 304ఎల్ తీసుకోండి, కార్బన్ 0.03 శాతం మించదు. కార్బన్ ఎక్కువుంటే 450–850 డిగ్రీల వేడి దగ్గర క్రోమియంను పట్టుకుని కార్బైడ్‌గా మారుతుంది, తుప్పును ఆపే క్రోమియం అక్కడ తగ్గిపోతుంది. టిగ్ వెల్డింగ్ వేసేటప్పుడు గాలి తగలకుండా వెనకవైపూ ఆర్గాన్ గ్యాస్ పట్టండి. నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటితే 316ఎల్ వాడడం మేలు. అందులోని 2–3 శాతం మాలిబ్డినం గుంటలను అడ్డుకుంటుంది. ముందు నీళ్లు పరీక్షించండి, తర్వాతే కొటేషన్ ఇవ్వండి.

ప్రశ్న: డ్రోన్ కార్బన్ ఫైబర్ ప్లేటుకు బిగించిన అల్యూమినియం బ్రాకెట్ దగ్గర తెల్లపొడి రాలుతోంది. ఎందుకు? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: కార్బన్ ఫైబర్‌లో కరెంటు పారుతుంది. తేమ తగిలితే కార్బన్, అల్యూమినియం కలిసి బ్యాటరీలా పనిచేస్తాయి, కరిగిపోయేది అల్యూమినియం. మధ్యలో గ్లాస్ ఫైబర్ పొర ఒకటి పెట్టండి. బోల్టులు టైటానియంవి వాడండి, రంధ్రం అంచులను ఎపాక్సీతో మూయండి. అనోడైజింగ్ (అల్యూమినియం మీద కరెంటుతో వేసే ఆక్సైడ్ పూత) ఒక్కదాన్నే నమ్మితే గీత పడ్డ చోట మళ్లీ మొదలవుతుంది.