టెక్ సందేహాలు: ఆదివారం రాత్రి చదరంగం లెక్కలు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం బ్యాటరీ గురించి, మిగతా సగం మరిచిపోయిన పాస్‌వర్డ్‌ల గురించి ఉంటాయి. కిందటి నెల చెస్.కామ్, లీచెస్ లాంటి చదరంగం యాప్‌ల గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ఆటగాళ్ల ఉత్తరాలు వచ్చి పడ్డాయి. రాసినవారిలో గ్రాండ్‌మాస్టర్ లాంటి టైటిళ్లున్నవారు ఒక్కరూ లేరు. పగలు ఉద్యోగం, రాత్రి పది దాటాక ఆట. వారానికి ఇంత అని నియమం పెట్టుకుని సాధన చేస్తున్నవారు. నేనూ ఆ గుంపులోవాడినే కాబట్టి ఈ వారం మిగతా సందేహాలను ఆపి వీటికే జవాబులు ఇస్తున్నాను.

"నాకు 43 ఏళ్లు. బ్యాంకులో పని. ఏడాదిగా రోజుకు 20 పజిళ్లు, నాలుగైదు బ్లిట్జ్ (నిమిషాల్లో ముగిసే) ఆటలు, ఆదివారం గంటసేపు విశ్లేషణ చేస్తున్నాను. చెస్.కామ్‌లో నా రేటింగ్ 1240, లీచెస్‌లో 1570, పజిళ్లలో 2050. వీటిలో ఏది నిజం? ఏడాది కష్టం ఫలించిందో లేదో ఎలా తెలుస్తుంది? లీచెస్‌లో ఆడిన ఆటల ఫైలు జతచేశాను."
— ఒక పాఠకుడు, నరసరావుపేట

మూడూ నిజమే. కాకపోతే మూడింటికీ చుట్టరికం లేదు. రేటింగ్ అనేది కిలో, మీటరు లాంటి కొలత కాదు. ఒక గుంపులో మీరు ఎవరి మీద గెలిచారు, ఎవరి చేతిలో ఓడారు అన్న పద్దు. గుంపు మారితే అంకె మారుతుంది. అంతెందుకు, 2024 మార్చిలో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే తన జాబితాలో 2000కు లోపున్న వారందరి అంకెలనూ ఒక్కసారిగా పెంచి, అట్టడుగు హద్దును 1000 నుంచి 1400కు జరిపింది. ఆ నెలలో రాత్రికి రాత్రి ఎవరి ఆటా బాగుపడలేదు.

ఇక పజిళ్ల 2050 చూసి మురిసిపోకండి. పజిల్ తెరవగానే ఇక్కడ ఏదో ఉందని మీకు ముందే తెలుసు. అసలు ఆటలో ఆ మాట చెవిలో చెప్పేవారు ఎవరూ ఉండరు.

ఒకే గుంపులో మాత్రం తేడాకు అర్థం ఉంది. మీకంటే రేటింగ్ 200 తక్కువున్న వారితో వంద ఆటలు ఆడితే, గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున మీకు సుమారు 76 మార్కులు రావాలని లెక్క. మిగతా 24 పోతాయి, అది మామూలే. నిద్రమత్తులో ఆడిన ఒక్క రాత్రితో 60 రేటింగ్ పాయింట్లు కరిగిపోతే సాధన వృథా అయిందని కాదు, త్వరగా పడుకోవలసిందని అర్థం. నెలకు ఒకే ఒక్క రోజు, ఒకే రకం ఆట అంకెను రాసుకోండి. మిగతా రోజుల్లో చూడకండి. లీచెస్ సెట్టింగుల్లో రేటింగులు కనిపించకుండా చేసే ఏర్పాటు కూడా ఉంది. నేను ఆరు నెలలుగా వాడుతున్నాను, మనశ్శాంతిగా ఉంది.

అసలు సంగతి మీరు పంపిన ఫైలులో ఉంది. ఆ పీజీఎన్ ఫైలును భయపడకుండా నోట్‌ప్యాడ్‌లో తెరవండి, అది ఉత్త అక్షరాల ఫైలు. ప్రతి ఆటకు పైన పదిహేనుకు పైగా వరుసల వివరాలుంటాయి. అందులో 'టర్మినేషన్' అనే వరుస ఆట ఎలా ముగిసిందో చెబుతుంది. వెతికే పెట్టెలో ఆంగ్లంలో 'టైమ్ ఫర్‌ఫీట్' అని కొట్టి లెక్కపెట్టాను. 118 ఆటల్లో మీరు ఓడినవి 61. అందులో 23 ఆటలను ఎదుటి మనిషి కాదు, గడియారం గెలిచింది. వాటిలో పదింటిని తీరిగ్గా చూస్తే, ఆరింటిలో సమయం అయిపోయేటప్పటికి బోర్డు మీద పైచేయి మీదే!

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. ప్రతి ఎత్తు పక్కన 'సీఎల్‌కే' అనే మూడు ఆంగ్ల అక్షరాలు, ఒక సమయం కనిపిస్తాయి. ఆ ఎత్తు వేశాక మీ దగ్గర మిగిలిన సమయం అది. ఒక అయిదు నిమిషాల ఆటలో, పావులు సగం కూడా బయటికి రాకముందే, 9వ ఎత్తు కోసం మీరు ఒక నిమిషం పది సెకన్లు కూర్చున్నారు. ఈ జబ్బుకు ఎన్ని పజిళ్లూ మందు కాదు.

కాబట్టి మీ వారాన్ని కాస్త మార్చండి. ప్రతి ఎత్తుకూ కొంత సమయం కలిసే ఆటలు, 15 నిమిషాలు ప్లస్ 10 సెకన్లవి, వారానికి మూడు చాలు. ఇది ఏ కోవలోకి వస్తుందని అడుగుతారేమో. మొదటి సమయాన్ని సెకన్లలోకి మార్చి, కలిసే సెకన్లను 40తో హెచ్చవేసి దానికి కలపడం లీచెస్ పద్ధతి. 900కు 400 కలిపితే 1300. 480 నుంచి 1500 లోపు ర్యాపిడ్, అంటే బ్లిట్జ్ కంటే నిదానమైన ఆట. బ్లిట్జ్‌ను భోజనం తర్వాత కిళ్లీలా ఉంచుకోండి, దాన్నే భోజనంగా మార్చుకోకండి. పజిళ్లు 20 నుంచి ఆరుకు తగ్గించి, చివరి ఎత్తు దాకా కళ్లతో చూశాకే తెర మీద వేలు పెట్టండి.

ఆదివారం విశ్లేషణకు ఇంజన్ (మంచి ఎత్తులు లెక్కకట్టి చెప్పే ప్రోగ్రామ్) వేసేముందు ఒక నోటుపుస్తకం తెరవండి. ఏ ఎత్తు దగ్గర తప్పాను, అప్పుడు ఏమనుకున్నాను. ఈ రెండే. నా పుస్తకంలో ఇలా ఉంటుంది: "23వ ఎత్తు. ఏనుగు ఊరికే దొరికిందనుకున్నాను. మూలనున్న శకటును చూడలేదు." మూడు నెలల తర్వాత తిరగేస్తే అదే వాక్యం తొమ్మిది చోట్ల ఉంది. ఐమూలగా దూరం నుంచి వచ్చే శకటు నా కంటికి ఆనదు. (మా ఇంట్లో దాన్ని ఒంటె అంటారు, నేర్పే చోట బిషప్ అంటారు. ఏ పేరుతో పిలిచినా నాకు కనిపించదు.) ఈ ముక్క ఏ గ్రాఫూ నాకు చెప్పలేదు. ఇప్పుడు పజిళ్లలోనూ ఆ రకం వాటినే విడిగా ఎంచుకుని చేస్తున్నాను. లీచెస్ పజిళ్లను అంశాలవారీగా విడదీసి ఇస్తుంది, ఉచితంగానే.

"విశ్లేషణ తెరిచిన పది నిమిషాల్లో ఫోను పెనంలా కాలిపోతోంది. వైరస్ పట్టిందా?"
— ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ

పట్టింది వైరస్ కాదు, స్టాక్‌ఫిష్ అనే చదరంగం ఇంజన్. విశ్లేషణ తెరలో ఇంజన్ మీట నొక్కినప్పుడు లెక్క కట్టేది ఎక్కడో ఉన్న సర్వర్ కాదు, మీ చేతిలోని ఫోనే. ఆపేదాకా అది లక్షల స్థితులను తిరగేస్తూనే ఉంటుంది.

లీచెస్‌లో ఆట ముగిశాక కంప్యూటర్ విశ్లేషణ కోరే మీట వేరే ఉంది, దాన్ని నొక్కండి. ఆ పని ఫిష్‌నెట్ అనే ఏర్పాటు ద్వారా స్వచ్ఛందంగా తమ కంప్యూటర్లను అప్పిచ్చినవారి దగ్గర జరుగుతుంది. కాసేపట్లో తప్పులన్నీ గుర్తులతో సహా వస్తాయి, మీ ఫోను చల్లగా ఉంటుంది. ఇంజన్ ఫోనులోనే కావాలనుకుంటే సెట్టింగుల్లో చూపించే ఎత్తుల వరుసలను ఒకటికి, థ్రెడ్లను (ఒకేసారి సాగే లెక్కలను) ఒకటి రెండుకు తగ్గించండి. ఇంజన్ ఎంత ముందుకు చూసిందో చెప్పే 'లోతు' అంకె 20 దాటాక మన స్థాయికి ఇంకా ఎదురుచూడటం దండగ. చార్జింగ్‌లో పెట్టి మాత్రం విశ్లేషణ చేయకండి, రెండు వేడులూ కలుస్తాయి.

"మా అబ్బాయితో పాటు నేనూ నేర్చుకుంటున్నాను. ఇంజన్ ప్లస్ 1.4 అంటుంది, ఎందుకో చెప్పదు. చందా కడితే అర్థమయ్యేలా చెబుతుందా? పోయిన ఆదివారం వాడి చేతిలో ఏడు ఎత్తుల్లో ఓడిపోయాను. 'అమ్మా, చూసి తినాలి' అన్నాడు."
— ఒక తల్లి, విశాఖపట్నం

ప్లస్ 1.4 అంటే తెల్లపావులవారు దాదాపు ఒకటిన్నర బంటు విలువంత ముందున్నారని. చందా కడితే చెస్.కామ్‌లో మాటలతో వివరించే సమీక్షలు ఎక్కువ వస్తాయి, ఉచిత ఖాతాకు రోజుకు పరిమితి ఉంటుంది. కొత్తలో ఆ మాటలు కొంత ఉపయోగమే. కానీ ఏం జరిగిందో చెప్పినంత బాగా ఎందుకో చెప్పవు. ఇప్పుడే డబ్బు కట్టకండి. ఇంజన్ మంచిదన్న ఎత్తును చూడటం మానేసి, మీరు వేసిన ఎత్తునే బోర్డు మీద వేసి, దానికి అది ఎలా బుద్ధి చెబుతుందో చూడండి.

మీరు రాసి పంపిన ఆటే తీసుకుందాం (డీ4, ఈ5 లాంటివి బోర్డు మీది గళ్ల పేర్లు). మూడో ఎత్తుకు అబ్బాయి గుర్రాన్ని డీ4 మీదికి దూకించి, ఈ5 బంటును కాపలా లేకుండా వదిలేశాడు. అది ఎర. మీరు గుర్రంతో తిన్నారు. వాడి మంత్రి జీ5కు వచ్చి ఒకేసారి మీ గుర్రం మీద, జీ2 బంటు మీద కన్నేసింది. మీరు గుర్రాన్ని ఎఫ్7 మీద వేసి మంత్రికీ ఏనుగుకూ ఒకేసారి గురిపెట్టారు. సంబరపడే ఉంటారు. వాడు జీ2 తిన్నాడు, మీరు ఏనుగును ఎఫ్1కు జరిపారు, వాడు ఈ4 బంటును తింటూ చెక్ చెప్పాడు, మీరు శకటును ఈ2లో అడ్డం పెట్టారు, గుర్రం ఎఫ్3. ఆటకట్టు. రాజు చుట్టూ అన్నీ మీ పావులే. అడ్డం పెట్టిన శకటు కదిలితే వెనక రాజు మంత్రికి దొరికిపోతాడు కాబట్టి అది ఆ గుర్రాన్ని తినలేదు.

ఇంజన్ అయిదో ఎత్తుకు ఎర్రటి గుర్తు పెట్టి ఊరుకుంటుంది. మీ ఎత్తును మీరే వేసి దాని జవాబులు ఒక్కొక్కటే చూస్తే, బంటును తిన్నప్పుడే తేడా మొదలైందని, ప్రాణం మీదికి వచ్చింది మాత్రం ఎఫ్7 దగ్గర అని మీకే తెలుస్తుంది. ఆ ఎర జోలికి పోకుండా నాలుగో ఎత్తులో డీ4 గుర్రాన్ని మీ గుర్రంతో తినేయండి, వాడి ముఖం చూడండి.

"ఇంట్లో సాధనకు చదరంగం గడియారం కొనాలా?"
— కరీంనగర్

అక్కర్లేదు. ఫోనులో ఉచిత గడియారం యాప్ చాలు. టోర్నమెంటుకు వెళ్లే రోజు వస్తే మాత్రం ఫోను లోపలికి రానివ్వరు. అప్పుడు కొనేది ఎత్తుకు సెకన్లు కలిపే డిజిటల్ గడియారమే అయి ఉండాలి.

"నేను డాలస్‌లో, మా బావమరిది హైదరాబాద్‌లో. వారానికి ఒక ఆట ఆడాలని ఒప్పందం. నేను మేలుకునేసరికి ఆయన ఆవులిస్తుంటాడు. ఒప్పందం రెండు వారాలకే అటకెక్కింది."
— ఒక పాఠకుడు, డాలస్

ఒకే సమయానికి ఇద్దరూ కూర్చోవాలన్న పట్టు వదిలేయండి. కరస్పాండెన్స్ ఆట మొదలుపెట్టండి. లీచెస్‌లో ఒక ఎత్తుకు 1 నుంచి 14 రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు. మీకు రెండు రోజులు సరిపోతుంది. ఒక్కో ఆట నెలల తరబడి సాగుతుంది కాబట్టి నాలుగైదు ఒకేసారి నడపండి. ఈ పద్ధతిలో ఓపెనింగ్ (ఆట తొలి ఎత్తుల) పుస్తకాలు తిరగేయవచ్చు, ఇంజన్‌ను అడగడం మాత్రం నిషేధం. బావమరిది హఠాత్తుగా గ్రాండ్‌మాస్టర్‌లా ఆడటం మొదలుపెడితే మీరే నెమ్మదిగా అడగండి.

ముగిసిన ఆటలను లీచెస్‌లో ఇద్దరూ రాయగలిగే 'స్టడీ' అనే ఉమ్మడి పుస్తకంలో ఒక్కో అధ్యాయంగా పెట్టుకోండి. 64 అధ్యాయాలు పడతాయి. మీరు రాసిన కారణం పక్కన ఆయన కారణం కనిపిస్తుంది, మా నోటుపుస్తకానికి లేని సుఖం అది. ఒక్క జాగ్రత్త: హైదరాబాద్‌లో ఆయన మధ్యాహ్న భోజనం చేసి ఎత్తు వేస్తే డాలస్‌లో అర్ధరాత్రి మీ ఫోను మోగుతుంది. ఆ యాప్ నోటిఫికేషన్లను రాత్రిపూట ఆపేయండి, లేకపోతే ఇంట్లోవాళ్లు ఆటనే ఆపించేస్తారు.