షావుకారి అడ్వాన్సు వద్దు చెల్లెమ్మా, బోటు పని భోగికే మొదలెట్టండి

కళింగపట్నం దగ్గర పల్లె నుంచి ఒక చెల్లెమ్మ అడిగారు: "మా ఆయన వేటకెళ్తాడు, చేప నేను అమ్ముతాను. మా ఫైబర్ బోటుకి అడుగున పగులొచ్చి నీరు దిగుతోంది, దానికి 22 వేలు, ఇంజన్ పనికి 35 వేలు, వలలకి 28 వేలు, మొత్తం 85 వేలు. దాచింది 40 వేలే ఉంది. షావుకారు 60 వేలు వడ్డీ లేకుండా ఇస్తానంటున్నాడు గాని చేప తనకే వెయ్యాలట, కిలోకి 10 రూపాయలు తగ్గించి. నెలకి 18 వేటలు, వేటకి 30 కిలోల దాకా పడుతుంది. తీసుకోమంటారా? పని ఈ చలిలోనే చేయించాలా, ఏప్రిల్లో వేట ఆపేశాక చేయించాలా?"

చెల్లెమ్మా, ముందు ఆ 60 వేల సంగతి చూద్దాం. వడ్డీ లేదన్న మాట అస్సలు నమ్మకండి. మీ లెక్కే తీసుకుంటే నెలకి 540 కిలోలు, కిలోకి 10 చొప్పున నెలకి 5,400 పోతుంది, వేట నిషేధం రెండు నెలలు తీసేసినా ఏడాదికి 54 వేలు, ఇంత పోయాక కూడా అసలు 60 వేలు అలాగే కూర్చుని ఉంటుంది. నూటికి మూడ్రూపాయల వడ్డీకి తెచ్చినా ఏడాదికి 21,600 అయ్యేది, అదే దారుణం అనుకుంటాం కదా, ఇది దానికి రెండింతలు దాటిపోయింది. పైగా మంచి రేటున్న రోజున కూడా మీ చేప మీరు వేరేవాళ్లకి అమ్ముకోలేరు. చింతపల్లి తీరంలో నాకు తెలిసిన ఒక కుటుంబం ఇలాగే 40 వేలు తీసుకుని ఆరేళ్లయినా తీర్చలేకపోయారు, నిరుడు నాతో కూర్చుని లెక్కేసుకున్నప్పుడు ఆ తల్లి చాలాసేపు మాట్లాడలేదు.

ఇక పని ఎప్పుడంటే, బోటు అడుగు ఇప్పుడే, ఇంజన్ పని వేట నిషేధంలో. సంక్రాంతి మూడ్రోజులూ ఎలాగూ ఎవరూ వేటకెళ్లరు, భోగి నాడే బోటు ఒడ్డుకి లాగించేసి తిరగేయించండి. ఏప్రిల్ దాకా ఆగితే ఆ పగులులోంచి నీరు లోపలికి తాగుతూనే ఉంటుంది, ఇప్పుడు జానెడు ఉన్న అతుకు అప్పటికి మూరెడు అవుతుంది. ఒడ్డుకెక్కించాక పగులు దగ్గర బొటనవేలితో నొక్కి చూడమనండి, మెత్తగా దిగినా, చుక్క నీరు బయటికొచ్చినా లోపల తడి ఉన్నట్టే, అది పూర్తిగా ఆరేదాకా మ్యాట్ (పగులు మీద వేసే ఫైబర్ గుడ్డ) వెయ్యనివ్వకండి, మరో నాలుగు రోజుల వేట పోయినా సరే. ఈ చలికి రెజిన్ (ఆ గుడ్డని అతికించే జిగురు) నెమ్మదిగా గట్టిపడుతుంది, పొద్దున్నే మంచు తడి కూడా ఉంటుంది కాబట్టి పదింటి తర్వాత ఎండలో మొదలెట్టి మూడింటికల్లా ఆపించండి. తొందరగా అవ్వాలని హార్డెనర్ (జిగురుని గట్టిపరిచే మందు) ఎక్కువ పోస్తే అతుకు పెళుసెక్కి పగిలిపోద్ది, 22 వేలూ సముద్రంలో పోసినట్టే.

ఆ 22 వేలు మీ దాచిన డబ్బులోంచే ఇవ్వండి. మిగిలిన 18 వేలు ముట్టుకోవద్దు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న మన పలాస వైపు తీరం దాటినప్పుడు చేతిలో పదివేలున్న ఇంటికీ లేని ఇంటికీ తేడా ఎంతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంజన్‌కి మాత్రం బ్యాంకులో బంగారం పెట్టి 35 వేలు తీసుకోండి. ఏడాదికి నూటికి పది వడ్డీ అనుకున్నా నెలకి 300 లోపే. డబ్బు ఏప్రిల్లోనే తీసుకోండి, మెకానిక్‌కి మాత్రం ఫిబ్రవరిలోనే మాటిచ్చేసి ఉంచండి, ఎందుకంటే ఏప్రిల్ 15న వేట ఆగగానే అందరి ఇంజన్లూ ఒకేసారి అక్కడికే చేరతాయి, జూన్ 14 దాకా 61 రోజులు ఉన్నాయి కదా అనుకుంటారు గాని చివరి వారంలో తోపులాటే. వలలు సగం ఫిబ్రవరి మార్చి వేట డబ్బుతో కొనండి, మిగతావి పాతవే ఇంట్లో కూర్చుని బాగుచేసుకోండి.

నిషేధంలో ప్రభుత్వం ఇచ్చే భృతి గురించి కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్లో మన బుడగట్లపాలెంలోనే మొదలుపెట్టి ఇచ్చిన 20 వేలు (అంతకుముందు 10 వేలే) బోటు ఖర్చులో కలపొద్దు, అది రెండు నెలల బియ్యం, పిల్లల ఫీజులు. బోటు రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందో లేదో చూసుకోండి, ఆ భృతి రావాలంటే నిషేధంలో అధికారులు బోట్లు లెక్కపెట్టడానికి వచ్చిన రోజు మీది ఒడ్డునే ఉండాలి.

ఇంకోటి, మత్స్యకారులకి కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది, చాలామందికి తెలీదు. అది ఇంజన్ కొనడానికి కాదు, డీజిల్, ఐసు, కూలీల ఖర్చుకి. 7 శాతం వడ్డీ, గడువులోపు కట్టేస్తే 3 శాతం తగ్గి 4 అవుతుంది, 2 లక్షల దాకా తనఖా అడక్కూడదు. రోజువారీ ఖర్చు దాని మీద నడిస్తే మీ చేతి డబ్బు వలలకి మిగులుతుంది. పండగ అవ్వగానే సచివాలయంలో ఫిషరీస్ అసిస్టెంట్‌ని కలిసి దరఖాస్తు పెట్టండి, ఆధార్, బ్యాంకు పుస్తకం, బోటు కాయితాలు పట్టుకెళ్లండి. బ్యాంకు వాళ్లు ఏ కారణం చెప్పి తిప్పినా అది కాయితం మీద రాసిమ్మనండి, ఆ కాయితం నాకు పంపండి, తర్వాత ఏం చెయ్యాలో చూద్దాం.