టెక్ సందేహాలు: శ్లోకం చివర డబ్బాలు

ప్రశ్న: శుభలేఖలో శ్లోకం చివర రెండు నిలువు గీతలు పెడుతున్నాను. తెరపై బాగానే ఉంటాయి, ప్రింటులో ఖాళీ డబ్బాలు పడుతున్నాయి. ఏం చేయాలి?
– డీటీపీ ఆపరేటర్, తిరుపతి

పెళ్లి ముహూర్తాలు మొదలైతే చాలు, ఈ ఫిర్యాదూ మొదలవుతుంది. కంప్యూటర్లలో అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగుకు విడిగా ఈ గీత లేదు. దేవనాగరి విభాగంలో ఉన్నదాన్నే అందరూ వాడుకోవాలి. కొన్ని తెలుగు ఫాంట్లలో దాన్ని అసలు గీయనే లేదు. తెర మీద కంప్యూటర్ మరో ఫాంటు నుంచి అరువు తెచ్చి చూపిస్తుంది, ప్రెస్సులో ఆ అరువు పుట్టదు. ఆ గీతలకు మాత్రం వాటిని గీసిన ఫాంటు పెట్టి, పీడీఎఫ్‌లో ఫాంట్లు పొదిగి (ఎంబెడ్ చేసి) ఇవ్వండి. ఫాంటు చేసినవారు విడుదలకు ముందు ఒక్క శ్లోకమైనా వేసి చూసుకోలేదా?

తాటాకుల కాలంలో పదాల మధ్య ఖాళీ కూడా వదిలేవారు కాదు, పద్యం ముగిసిందనడానికి ఆ గీతే దిక్కు. కామా, ఫుల్‌స్టాప్ అచ్చుయంత్రాల వెంట వచ్చి స్థిరపడ్డాయి. ఇప్పుడు వాట్సాప్‌లో ఫుల్‌స్టాప్ పెడితే కోపమొచ్చిందనుకునే పిల్లలున్నారు. సరే, అక్కడ మానేయండి.

వెబ్ చిరునామాలో మాత్రం చుక్కే యజమాని ఎవరో చెబుతుంది. దర్శనం టికెట్లు, కొండపై గదులు ఇప్పిస్తామనే నకిలీ సైట్ల ఆట అంతా ఇక్కడే. ఆలయం పేరు, అడ్డగీత, ‘జీవోవీ’, మళ్లీ అడ్డగీత, ‘ఇన్’, ఆ తర్వాత తీరిగ్గా డాట్ కామ్! మొదటి జంట వాలుగీతలు (//) దాటాక వచ్చే ఒంటి వాలుగీత (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవండి. టీటీడీ అసలు సైటు ‘ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్’తో ముగుస్తుంది. ఆ చుక్కల చోట అడ్డగీతలుంటే అది ఎవరిదో, ప్రభుత్వానిది మాత్రం కాదు. ఆ భాగంలో ఈమెయిల్‌లో వాడే ‘ఎట్’ గుర్తు కనిపిస్తే మరీ అనుమానించండి. దానికి ముందు ఎంత పవిత్రమైన పేరున్నా బ్రౌజర్ పట్టించుకోదు, తర్వాత ఉన్న సైటుకే వెళుతుంది. 1971లో అమెరికా ప్రోగ్రామర్ రే టామ్లిన్సన్ ఈమెయిల్‌కు ఎంచుకునేదాకా ఆ గుర్తు ధరల చిట్టాల్లో బుద్ధిగా ఉండేది.

ఇంత ముఖ్యమైన చుక్కను ఫోన్ బ్రౌజర్లు తెర ఇరుకు పేరుతో సగం దాచేస్తాయి. ప్రకటనకు మాత్రం సగం తెర ఇస్తాయి! చిరునామా పట్టీని నొక్కి, చివరిదాకా జరిపి చూడనిదే డబ్బు కట్టకండి. ఇప్పటికే కట్టేసి ఉంటే నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.