ఆపరేషన్ తర్వాత ముక్కులో పైపు అందరికీ అక్కర్లేదు

అన్నా, అమ్మకు వచ్చే వారం పెద్దపేగు ఆపరేషన్, తర్వాత ముక్కులోంచి పొట్టలోకి పైపు వేసి ఉంచుతారంట, తప్పదా అని అడిగారు కదా. ముందే తేదీ అనుకుని చేసే ఆపరేషన్ అయితే చాలామందికి అక్కర్లేదు. 2007లో కోక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ) 33 అధ్యయనాల్లోని 5,240 మంది వివరాలు కలిపి చూస్తే, అలవాటుగా పైపు ఉంచనివాళ్లకే పేగులు ముందు కదిలాయి, ఊపిరితిత్తుల ఇబ్బందులు కూడా తక్కువే ఉన్నట్టు కనిపించింది. పేగు కుట్టిన చోట లీకవుతుందన్న భయంతోనే ఎన్నో ఏళ్లు పైపు ఉంచారు, కానీ లీకుల్లో తేడా కనపడలేదు. వాంతులు మాత్రం పైపు ఉన్నవాళ్లకు కొంచెం తక్కువ.

మహబూబ్‌నగర్‌లో మా నాయనకు పెద్దపేగులో గడ్డ తీసినప్పుడు పైపు థియేటర్‌లోనే తీసేశారు. మరునాడే సిస్టర్ లేపి వార్డులో నడిపించింది. పక్క బెడ్ పెద్దాయనకు ఉంచారు. గొంతు మంట, నోరు ఎండిపోవడం, దగ్గి కఫం తీద్దామంటే పైపు అడ్డం, పాపం రాత్రంతా నిద్ర లేదు. కఫం లోపలే ఉండిపోతే న్యుమోనియా వచ్చే ప్రమాదం పెరుగుతుంది, అందుకే నాకు ఈ విషయం చిన్నదిగా అనిపించదు.

అట్లని పైపే వద్దని పట్టుబట్టకండి. మా చిన్నాయనను దేవరకొండ నుంచి నల్లగొండకు తెచ్చినప్పుడు పేగు మడతపడి పొట్ట డప్పులా ఉబ్బింది, ఒకటే వాంతులు. పైపు వేయగానే సంచిలోకి ఆకుపచ్చ నీళ్లు దిగి, అప్పుడు మనిషికి ఊపిరాడింది. పేగు మూసుకుపోయినవాళ్లకు అది చికిత్సలో భాగం, వేయకపోతే మత్తు ఇచ్చేటప్పుడు పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అన్నవాహిక, జీర్ణాశయం ఆపరేషన్లకూ కొందరు సర్జన్లు ఉంచుతారు, వాటి లెక్క వేరు.

కాబట్టి ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను నేరుగా అడగండి: అమ్మకు పైపు ఎందుకు, ఎప్పుడు తీస్తారు? అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు. పైపు లేకుండా ఉన్నప్పుడు పొట్ట ఉబ్బినా, ఎక్కిళ్లు ఆగకపోయినా, ఆకుపచ్చ వాంతి అయినా వెంటనే సిస్టర్‌కు చెప్పండి, అవసరమైతే అప్పుడు వేస్తారు. చూడటానికి వచ్చిన చుట్టాలు జాలిపడి డాక్టర్ చెప్పకముందే ఏదో ఒకటి తాగించకుండా చూసుకోండి. ఒకవేళ పైపు వేస్తే, టేపు ఊడినా మీరు లోపలికి నెట్టొద్దు, గుంజొద్దు, సిస్టర్‌నే పిలవండి.